బెంచీ మీద చైనా సీటు

ఫిబ్రవరి నెల, శనివారం. పటమట నుంచి బందరుకి, మళ్ళీ పటమటకి. వెళ్ళినవాళ్ళం: నేను, ఖాదర్ గారు. బందరులో ఉన్నవారు: ఖాదర్ గారి కోడలు షబానా, ఆమె తల్లి మెహరున్నీసా గారు.

ఈ ప్రయాణం ఎందుకో చెప్పాలంటే ముందు మా బెంచీ సంగతి చెప్పాలి. పటమటలో మేము పొద్దున్నే నడిచే పార్కులో ఒక సిమెంటు బెంచీ ఉంది. నడక అయ్యాక నలుగురం అక్కడ చేరతాం: నీటిపారుదల శాఖలో రిటైరైన నేను, టీవీ రిపేరు షాపు మూసేసిన ఖాదర్ గారు, లెక్కల మాస్టారు, బ్యాంకులో చేసిన మూర్తి గారు. పేపరులో సముద్రం వార్త ఏదున్నా మాస్టారు పైకి చదువుతారు. చైనా వాళ్ళు కొత్త యుద్ధనౌక దించారని, మనవాళ్ళు జలాంతర్గామి కడుతున్నారని, శ్రీలంక రేవులో ఎవరిదో ఓడ ఆగిందని. అందరూ ఒకే పక్షమైతే వాదనకి రుచి ఉండదని, రోజుకొకరు చైనా తరఫున మాట్లాడాలని మూర్తి గారు నియమం పెట్టారు. బెంచీ తూర్పు చివర ఎండ ముఖాన కొడుతుంది. అది చైనా సీటు. ఆఖరున వచ్చినవాళ్ళకి అదే గతి.

ఖాదర్ గారు ఏనాడూ అందులో కూర్చోలేదు. కూర్చోకుండా ఉండడానికే అందరికంటే ముందు వస్తారు. ఒకసారి ఆలస్యమైతే వాదన అయ్యేదాకా నిలబడే ఉన్నారు. "మావాడు సముద్రం మీద ఉన్నాడండీ. ఆ పక్షం మాట నా నోట పలికించకండి" అన్నారు.

ఆయన కొడుకు సలీం ఆయిల్ ట్యాంకరులో ఇంజనీరు. గురువారం నడక అయ్యాక ఖాదర్ గారు నన్ను పక్కకి పిలిచారు. సలీం ఓడ ఎర్రసముద్రం వైపు వెళ్తోందట. అక్కడ ఓడల మీద డ్రోన్లు పడుతున్నాయి. కొన్నాళ్ళు ఫోను ఉండదు, షబానాకి చెప్పొద్దు అన్నాడట. ఈయన రోజూ ఫోనులో మ్యాపు తెరిచి ఆ ఓడ గుర్తు ఎక్కడుందో చూసుకుంటారు. బుధవారం రాత్రి నుంచి ఆ గుర్తు కనబడటం లేదు. షబానాకి ఏడో నెల, బందరులో పుట్టింట్లో ఉంది.

"చెప్పాలో వద్దో తోచడం లేదండీ. మీరు పక్కనుంటే ఏదో ఒకటి చేస్తాను" అన్నారు. సరే అన్నాను.

శనివారం ఉదయం 7.10కి ఆటోనగర్ దగ్గర బస్సు ఎక్కాం. బందరు వెళ్ళేవాళ్ళు ఎడమా కుడీ చూడకుండా ముందు సీట్లు పట్టుకోండి, ఉయ్యూరు దాకా వెనక కుదుపు ఎక్కువ. కంకిపాడులో కూరగాయల గంపలు ఎక్కాయి. ఉయ్యూరులో చెరకు ట్రాక్టర్ల వెనక కాసేపు ఆగిపోయాం. పామర్రులో మా పక్కకి ఒక రొయ్యల రైతు వచ్చి కూర్చున్నాడు. ఎక్కడికి అని అడిగాడు. ఖాదర్ గారు ఫోనులో మ్యాపు చూసుకుంటున్నారు. సముద్రం చూద్దామని, అన్నాను నేను.

"నేను రోజూ దాని గురించే ఏడుస్తున్నానండి. మా రొయ్య యూరప్ పోవాలంటే ఆ ఎర్రసముద్రం దారి బాగుండాలంట. ఇప్పుడేమో ఆఫ్రికా చుట్టూ తిప్పుకు పోతున్నాయంట ఓడలు. ఎక్కడో వాళ్ళు కొట్టుకుంటే ఇక్కడ మా చెరువు ఎండుతోంది."

"అన్ని ఓడలూ చుట్టూ తిరిగే పోతున్నాయా?" అని ఖాదర్ గారు అడిగారు. ఆ పొద్దున ఆయన మాట్లాడిన మొదటి మాట అది.

"తెగించినవి అటే పోతున్నాయంటండి."

ఆ తర్వాత బందరు దాకా ఆయన కిటికీ వైపే చూస్తూ కూర్చున్నారు.

9.15కి దిగి ఆటోలో ఇంటికి చేరాం. షబానా టీ తెచ్చింది. ఖాదర్ గారు ఎండల గురించి, బస్సు గురించి, మళ్ళీ ఎండల గురించి మాట్లాడారు. షబానా విని విని, "మామయ్యా, బీపీ మాత్ర వేసుకున్నారా?" అంది.

"వేసుకున్నానమ్మా."

"అయితే ఒకటి చెప్తాను, కంగారు పడకండి. ఆయన ఓడ ఎర్రసముద్రం వైపు వెళ్ళింది. మీకు చెప్పొద్దన్నారు."

ఖాదర్ గారు టీ గ్లాసు కింద పెట్టేశారు. "వాడు నీకు చెప్పొద్దన్నాడే!"

వంటింటి గుమ్మంలో నిలబడ్డ మెహరున్నీసా గారు, "అల్లుడు నాకూ ఫోను చేశాడు భాయ్. మీ ఇద్దరికీ చెప్పొద్దన్నాడు" అన్నారు. ముందు షబానా నవ్వింది. తర్వాత అందరం నవ్వాం. ఖాదర్ గారు నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు.

మ్యాపులో గుర్తు పోవడం గురించి కూడా షబానాయే చెప్పింది. ఆ సముద్రంలోకి వెళ్ళే ముందు ఓడవాళ్ళే సిగ్నలు ఆపేస్తారట, కనబడితే కొడతారని. "ఆపింది వాళ్ళే మామయ్యా. ఓడ మునిగిపోయి కాదు" అని ధైర్యం చెప్పింది. చెబుతున్నంతసేపూ ఫోను గుప్పిట్లోనే పట్టుకుని ఉంది.

చేపల పులుసుతో భోజనం అయింది. ఫోను రాలేదు. ఖాదర్ గారు వరండాలో అటూ ఇటూ తిరుగుతుంటే మెహరున్నీసా గారు, "వీరిని కాస్త బయటికి తీసుకెళ్ళండి, మా గచ్చు అరిగిపోయేలా ఉంది" అన్నారు.

ముందు డచ్చివాళ్ళ సమాధులు చూశాం. వెళ్ళేవాళ్ళు టోపీ పెట్టుకోండి, నీడ తక్కువ. పెద్ద పెద్ద రాతి పలకల మీద వాళ్ళ వంశాల గుర్తులు, మనం చదవలేని అక్షరాలు. ఈ ఊరి అద్దకం బట్టల కోసం డచ్చివాళ్ళు, ఇంగ్లీషువాళ్ళు, ఫ్రెంచివాళ్ళు ఒకరి వెనక ఒకరు వచ్చారు. ఎవరి ఓడలు బలంగా ఉంటే రేవు వాళ్ళ మాట వినేది. బలం ఎప్పుడు ఎవరి వైపు జరుగుతుందో ఊళ్ళో బట్ట అద్దేవాడికి చెప్పినవాళ్ళు లేరు.

"వీళ్ళూ బెంచీ వేసుకుని వాదించుకునే ఉంటారు" అన్నారు ఖాదర్ గారు.

అక్కణ్ణుంచి ఆటోలో మంగినపూడి బీచికి అరగంట. ఇక్కడ సముద్రం లోతు తక్కువ. వెనకటి రోజుల్లో పెద్ద ఓడలు దూరంగా ఆగిపోతే బందరు పడవలు వెళ్ళి సరుకు ఎక్కించేవి. ఇప్పుడు కొత్త రేవు కడుతున్నారు. ఖాదర్ గారు చెప్పులు విప్పి మోకాలి లోతు నీళ్ళలో నిలబడ్డారు. సలీం ఉన్నది ఈ సముద్రంలో కాదని ఆయనకీ తెలుసు.

4.40కి ఆయన ఫోను మోగింది. చేసింది షబానా, సలీంని కూడా లైనులో కలిపింది. గాలికి వినబడక ఆయన స్పీకరు పెట్టారు.

"అబ్బాజాన్, దాటేశాం. అందరం బాగున్నాం."

ఖాదర్ గారు ఫోను నోటికి దగ్గరగా పట్టుకుని, "ఒక్కళ్ళే దాటారా? ఎవరైనా తోడొచ్చారా?" అన్నారు.

"యుద్ధనౌక తోడొచ్చింది. ముందు అది, వెనక వరసగా మేమూ ఇంకొన్ని ఓడలూ. రాత్రంతా మాతోనే ఉంది."

"మన నేవీయేనా?"

"మనవాళ్ళూ తిరుగుతున్నారు అబ్బాజాన్, వాళ్ళు వేరే ఓడలతో ఉన్నారు. మేము వెళ్ళే టైముకి దొరికింది చైనావాళ్ళది."

అల వచ్చి ఆయన పంట్లాం తడిపింది. పైకి మడుచుకోలేదు. "అన్నం తిన్నావా?" అని అడిగారు.

ఇంటికి వెళ్ళి సెలవు తీసుకుని, లడ్డూ డబ్బాలు పట్టుకుని 6.30 బస్సు ఎక్కాం. రోడ్డు పక్కన బందరు కాలువ. నా ఉద్యోగం చాలా ఏళ్ళు ఇలాంటి కాలువల మీదే గడిచింది. కాలువకి అడ్డంగా తలుపులుండే లాకుల్లో పడవ దాటాలంటే తలుపుకి రెండు వైపులా నీరు సమంగా నిలవాలి. ఒక వైపు ఎక్కువైతే ఎంతమంది తోసినా తలుపు కదలదు. అందుకే మన నేవీ ఇంకా పెరగాలనే నా అభిప్రాయం, ఒకరిని ముంచడానికి కాదు, మట్టం సరిపోవడానికి. ఈ మాట ఖాదర్ గారితో అన్నాను.

"మీకు ప్రతిదీ కాలువేనండీ" అన్నారు. కంకిపాడు దాటాక మళ్ళీ ఆయనే అందుకున్నారు. "మట్టం సంగతి నాకు తెలియదు. ఆ నౌక మీద కూడా ఎవడో తండ్రికి చెప్పొద్దని పెళ్ళానికి చెప్పి వచ్చుంటాడు."

బందరు చూడదగ్గ ఊరు. ఒక రోజు చాలు. సమాధులూ, కొత్త రేవు కోసం పోస్తున్న రాళ్ళూ ఒకే పూట చూస్తే సముద్రం మీద పెత్తనం ఎంత కాలం నిలుస్తుందో ఎవరికి వారు అనుకోవచ్చు.

ఆదివారం పొద్దున నేను పార్కుకి వెళ్ళేసరికి మాస్టారు, మూర్తి గారు బెంచీ ముందు నిలబడి ఉన్నారు. ఖాదర్ గారు అందరికంటే ముందు వచ్చి తూర్పు చివర కూర్చున్నారు. ఎండ ముఖం మీద పడుతోంది.

"అది చైనా సీటండీ, మర్చిపోయారా?" అన్నారు మూర్తి గారు.

"తెలుసు. నేను మన పక్షమే. ఇవాళ ఒక్కరోజు వాళ్ళ తరఫున మాట్లాడతాను" అని ఖాదర్ గారు లడ్డూ డబ్బా మూత తీసి బెంచీ మధ్యలో పెట్టారు. "చదవండి మాస్టారూ."