అగర్ బాబాయి పారేసిన ప్లేటు

ఆ కాలేజీ మైక్రోబయాలజీ ల్యాబులో ఆయన్ని అందరూ అగర్ బాబాయి అంటారు. బాక్టీరియాను పెంచడానికి ప్లేట్లలో పోసే జెల్లీ పేరు అగర్. దాన్ని ముద్దకట్టకుండా, మాడకుండా, ఒక్క బుడగైనా లేకుండా పొయ్యడంలో ఆయనకు సాటి లేరు. ఉద్యోగం అటెండరు, సర్వీసు ఇరవై ఆరేళ్లు.

ఇక ఆ ల్యాబులో సాగే చదువు సంగతి. ఏటా అవే పదహారు ప్రయోగాలు. ఫలితాలు సీనియర్ల రికార్డుల్లో బొమ్మలతో సహా ఉంటాయి. జవాబు తెలిసిపోయాక చేసేదాన్ని ప్రయోగం అనడం, తీర్పు జేబులో పెట్టుకుని విచారణ జరపడం లాంటిది. వార్షికోత్సవాల్లో వక్తలు జిజ్ఞాస, అన్వేషణ అని గొంతు చించుకునేవాళ్లు. ల్యాబులో జిజ్ఞాసకు అర మార్కు కూడా లేదు. ప్లేటు పుస్తకంలో ఉన్నట్టు రాకపోతే మార్కులు పోతాయి, అంతే.

బాబాయి గుట్టు పుట్టింది అక్కడే. ఉద్యోగంలో చేరిన ఏడాదే ఒక పరీక్షలో ఒకమ్మాయి ప్లేటుకు బూజు పట్టింది. ఆ పిల్ల మెట్ల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడుస్తుంటే ఈయన చూడలేకపోయాడు. అప్పటినుంచి ప్రతి ప్రయోగానికీ నాలుగైదు ప్లేట్లు తనే పెంచి అడుగు అరలో దాచేవాడు. పొద్దున్నే అందరికంటే ముందొచ్చి, ప్లేట్లను రాత్రంతా వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్ తెరిచి, ఎవరి ప్లేటు చెడిపోతే దాని స్థానంలో మంచిది పెట్టి నంబరు రాసేవాడు. పిల్లలకు తెలియదు, లెక్చరర్లకు తెలియదు. ఇంట్లో ఆవిడకు మాత్రం తెలుసు.

"పరీక్ష వాళ్లదా, మీదా?" అని దెప్పేది.

"నాలుగు మార్కులకు నా సొమ్మేం పోయిందే" అనేవాడు.

ఈ ఏడాది కొత్తగా ఒక మేడమ్ వచ్చింది. మనిషి అంగుష్ఠమాత్రం, గొంతు మాత్రం కారిడార్ చివరిదాకా వినిపిస్తుంది. మొదటి రోజే రికార్డులన్నీ బీరువాలో పెట్టించి తాళం వేసింది. "ఎక్కడెక్కడి మురికినీళ్లో పట్టుకురండి. వాటిలో బాక్టీరియాను తినే వైరస్‌లు ఉండొచ్చు. వెతుకుదాం" అంది.

"ఏం వస్తుంది మేడమ్?" అని పిల్లలు అడిగారు, అలవాటు కొద్దీ పెన్నులు తీసి.

"నాకేం తెలుసు? వస్తే కదా తెలిసేది."

పెన్నులు గాల్లోనే ఆగిపోయాయి. బయట గాజుసామాను కడుగుతున్న బాబాయి కూడా కొళాయి కట్టేశాడు. లెక్చరర్ నోట ఆ మాట ఆ గదిలో అంతకుముందు వినలేదు.

వైరస్ ఉంటే ప్లేటు ఎలా కనిపిస్తుందో ఆవిడ ఆ మర్నాడు బోర్డు మీద బొమ్మ గీసి చెప్పింది. ఆ పూట బాబాయి గ్యాస్ సిలిండర్ కోసం ఆఫీసు చుట్టూ తిరుగుతున్నాడు.

ఐదు వారాలు గడిచాయి. ఒక్కరికీ ఏమీ దొరకలేదు. అందరికంటే నలిగిపోయింది బస్ కండక్టర్ కూతురు. మూడు చోట్లనుంచి తెచ్చిన నీళ్లలో ఏమీ లేదు. నాలుగోసారి బట్టలుతికే షెడ్డు వెనక కాలవలోంచి తెచ్చింది. ఆ నీటిని వడగట్టి, బాక్టీరియాతో కలిపి, ప్లేటు మీద పోసి వెళ్లింది. "ఇదీ పోతే ఈ ప్రయోగం మానేసి థియరీ పేపర్ తీసుకుంటా బాబాయ్, నావల్ల కాదు" అంది.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి బాబాయి ఇంక్యుబేటర్ తెరిచాడు. అందరి ప్లేట్లమీదా బాక్టీరియా పలచని మీగడలా పరుచుకుని ఉంది. ఈ పిల్ల ప్లేటు మాత్రం చిమ్మెటలు కొట్టిన శాలువాలా చిల్లులు చిల్లులుగా ఉంది.

"అయ్యో తల్లీ, నీకే రావాలా ఇది!" అనుకున్నాడు. అడుగు అరలోంచి మచ్చలేని ప్లేటొకటి తీసి, నంబరు రాసి అక్కడ పెట్టాడు. చిల్లులదాన్ని ఆటోక్లేవ్‌లో పడేశాడు. పావుగంట ఆవిరిలో ఉడికాక అందులో ఏ ప్రాణమూ మిగలదు.

తొమ్మిదిన్నరకు ఆ పిల్ల వచ్చి ప్లేటు చూసింది. తీసుకెళ్లి మేడమ్ ముందు పెట్టింది. మేడమ్ చాక్‌పీస్‌తో మళ్లీ గుండ్రంగా గీసి, లోపల చుక్కలు పెట్టింది. "చూడమ్మా, ఇలా చిల్లులు పడాలి. చిల్లు ఉందంటే అక్కడి బాక్టీరియాను వైరస్ తినేసినట్టు. నీ ప్లేటు నున్నగా ఉంది. పోనీ, థియరీకి మారతానంటే సంతకం పెడతాను" అంది.

ట్రే పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ బాబాయికి తను పారేసిందేమిటో అప్పుడు అర్థమైంది. చెబితే ఇరవై ఆరేళ్ల గుట్టు బయటపడుతుంది. చెప్పకపోతే పిల్ల వెళ్లిపోతుంది.

"మేడమ్, సంతకం పెట్టకండి" అన్నాడు. "చిల్లులు పడ్డాయి. నేనే పారేశాను."

మొత్తం చెప్పాడు. అడుగు అరతో సహా.

మేడమ్ చాక్‌పీస్ కింద పెట్టింది. "అంటే ఇరవై ఆరేళ్లుగా ఈ కాలేజీలో ప్రాక్టికల్స్ పాసవుతున్నది మీరొక్కరేనన్నమాట."

ఎవరో కిసుక్కున నవ్వారు. కండక్టర్ కూతురు నవ్వలేదు. "నన్నడగాలి కదా బాబాయ్! నా ప్లేటు అది!" అంది. కళ్లలో నీళ్లు.

"తప్పే తల్లీ. బుద్ధి గడ్డి తింది."

"ఆ నీళ్లు మిగిలాయా?" అంది మేడమ్.

ఫ్రిజ్‌లో గొట్టం అడుగున గోరంత ఉంది. ఒక్క ప్లేటుకు సరిపోతుంది. రెండో అవకాశం లేదు. ఆ కాలవను ముందురోజు సాయంత్రమే బ్లీచింగ్ చల్లి కడిగేశారట.

బాబాయి అగర్ కరిగించాడు. వేడెక్కువైతే బాక్టీరియా చస్తుంది, తగ్గితే ముద్దకడుతుంది. అగర్ గొట్టాన్ని మణికట్టు లోపలి వైపు ఆనించి, కళ్లు మూసుకుని, "ఇప్పుడు" అన్నాడు. పిల్ల ఆ నీళ్లూ బాక్టీరియా అందులో కలిపి ప్లేటు మీద పోసింది. ఆయన సాయం పట్టబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

మర్నాడు ఎనిమిదింటికి అలవాటుగానే వచ్చాడు. ఇంక్యుబేటర్ జోలికి వెళ్లలేదు. కారిడార్‌లో స్టూలు వేసుకుని కూర్చున్నాడు. గంటన్నరలో నాలుగుసార్లు లేచి, నాలుగుసార్లూ కూర్చున్నాడు.

పిల్లలంతా వచ్చాక కండక్టర్ కూతురు తలుపు తీసింది. ప్లేటు పైకెత్తింది. మేడమ్ తొంగి చూసి, ఆ పెద్ద గొంతును ఎక్కడ పారేసుకుందో, గుసగుసగా "వచ్చాయి" అంది.

"బాబాయ్, నువ్వు చూడు" అని ఆ పిల్ల ప్లేటు ఆయన చేతికిచ్చింది.

కిటికీ వెలుగుకు ఎదురుగా పట్టాడు. పాలమీగడలో ఎవరో సూదులతో గుచ్చినట్టు చిల్లులు. కొన్ని ఆవగింజంత, కొన్ని కందిగింజంత. పెద్దవాటి చుట్టూ పొగమంచులాంటి వలయం. చిల్లుల్లోంచి అవతలి ఆకాశం కనిపిస్తోంది.

"ఒక్కో చిల్లూ ఒకే ఒక్క వైరస్‌తో మొదలైంది" అంది మేడమ్. "మన మైక్రోస్కోపుకు కూడా అందదు. ఒక్కటి దూరితే వందవుతాయి. ఆ వంద పక్కవాటిలో దూరతాయి. తెల్లారేసరికి ఇంత."

"ఇవన్నీ ఆ కాలవలోనే ఉన్నాయా?" అన్నాడు బాబాయి.

"ఎప్పటినుంచో. మనమే చూడలేదు."

"వీటిని ఇంతకుముందు ఎవరైనా చూశారా మేడమ్?"

"బహుశా లేదు. మొదట చూసింది మనమే అయ్యుండొచ్చు."

బాబాయి ప్లేటు ఇంకాస్త దగ్గరికి తెచ్చుకున్నాడు. ఆ షెడ్డు పక్కనుంచే రోజూ సైకిల్ మీద ముక్కు మూసుకుని వచ్చేవాడు. తన చేత్తో పోసిన అగర్ మీద, మనిషి కంటపడని సైన్యం రాత్రికి రాత్రి కోటలు కూల్చి, ఒక్క చప్పుడు చెయ్యకుండా, ఇంత అందంగా జాడ వదిలింది. నిన్న తను ఉడికించి పారేసింది దీన్ని.

వెనక పిల్లలు మునివేళ్ల మీద లేస్తున్నారు. "బాబాయ్, మాకూ ఇవ్వు! ఎంతసేపు?"

"ఇస్తానమ్మా, ఉండండి" అన్నాడు.

ఇవ్వలేదు.