తూముకు అడ్డం పెట్టిన బండ

స్నానాల గది నుంచి నీళ్లు వీధిలోకి పోయే తూముకు మా నాయన తన చేతులతోనే ఒక నాపబండ ముక్క అడ్డం పెట్టాడు. తెల్లటి నీళ్లు వీధిలో పారితే లోపల మా అమ్మ బట్టలు ఉతుకుతున్నదని ఊరికి తెలిసిపోతుంది.

ఇందులో దాచవలసింది ఏముందని ఈ కాలంవాళ్లు అడగవచ్చు. తాతల నాటి నుంచి మా ఇంటి ఆడవాళ్లు గుడ్డ ఉతికి ఎరగరు. చాకలాయన వచ్చి మూట కట్టుకుపోయేవాడు. కళ్లంలో జొన్నలు కొలిచేటప్పుడు అతని వాటా అతనికి పోసేవాళ్లం. దాన్ని మేర అంటారు. భూములు పోయాక కళ్లమే లేదు, మేర ఎక్కడిది? చాకలాయన నోరు తెరిచి అడగలేదు. అడిగేదాకా ఉండడం నాయనకు ఇష్టం లేదు.

"రేపట్నుంచి రావొద్దులేప్పా. మా బట్టలు కడపలో ఉతికిస్తాండాం" అని తానే చెప్పాడు.

"అట్లనే సామీ" అని చాకలాయన తల వంచుకొని వెళ్లిపోయాడు. కడపలో మా బట్టలు ఉతికేవాళ్లు ఎవరూ లేరు.

అప్పటి నుంచి అమ్మ తలుపు వేసుకొని ఉతికేది. సబ్బు కొంటే అంగట్లోనే గుట్టు బయటపడుతుంది. చవుడు మట్టి అయితే ఎవరూ ఏమీ అనుకోరు. వానలకు ముందు, నీళ్లు కారకుండా మిద్దె మీద పరచడానికి మా వైపు ప్రతి ఇంటికీ బండితో తోలించుకునేదే. అదే మట్టి నీళ్లలో కలిపి బట్టలు ఉడకబెడితే మురికి వదులుతుంది. మిద్దెకని తెచ్చిన చవుడు చాలావరకు నాయన పంచెలకూ తలగుడ్డలకూ అయిపోయేది. తూములో బండ పక్కన వదిలిన సందులోంచి నీళ్లు ఊరుతూ పోయేవి. మట్టి లోపలే మిగిలేది.

ఒక ఏడు కార్తీకంలో ముసురు పట్టింది. చవుడు చాలక మిద్దె కురిసింది. స్నానాల గదిలో నీళ్లు నిలిచి, గడప దాటి అమ్మ గదిలోకి వచ్చాయి. రెండు గదుల దూలాలూ వీధివైపు మట్టి గోడ మీదే ఆనుకొని ఉన్నాయి. గోడ అడుగున వేలితో నొక్కితే వేలు లోపలికి దిగింది.

నేను అప్పటికి పెళ్లీడు వాణ్ణి. గునపంతో స్నానాల గదిలో తూము కాలువ మీది బండలు లేపాను. కాలువ నిండా చవుడూ నూలు పోగులూ కలిసి గారలాగా బిగిసిపోయి ఉన్నాయి. గోడ దాకా తవ్వి తీశాను. మిగిలింది గోడ మందంలో ఉంది. వీధివైపు బండ తీస్తే తప్ప కదలదు.

"నాయనా, బయట బండ తీయాల."

"చీకటి పడనీ. ఎదురింటోళ్లు అరుగు మీదనే ఉండారు."

ఎదురింటివాళ్లు నేతపనివాళ్లు. మగ్గం గుంతలోకి నీళ్లు వచ్చి, పని లేక అరుగు మీద కూర్చున్నారు.

"అందాక గోడ ఆగదు."

"శానా గోడలు చూసినాలే."

అమ్మ గదిలోంచి తన పెట్టె ఇవతలికి లాగుతూ అన్నది: "దినామూ తెల్లపంచె కట్టుకొని తిరుగుతాండారు. అది యాడ తెల్లబడుతాండాదో ఊరికి తెలీదనుకున్నారా?"

నేను వాకిలి వైపు కదలగానే నాయన, "ఆ పని చేసేటట్టుంటే మళ్లీ నా గడప తొక్కొద్దు" అన్నాడు. ఆగాను. ఆయన మాట నేనెన్నడూ దాటలేదు.

అమ్మ నా చేతిలోని గునపం తీసుకుంది. కొంగు తల మీదికి లాక్కొని, పట్టపగలు, వానలో వీధిలోకి వెళ్లి తూము ముందు కూర్చుంది.

ఎదురింటామె అరుగు మీంచే అరిచింది: "ఏమ్మా, కడప చాకలోళ్లు మీ ఇంటికే వచ్చి ఉతుకుతాండారేమో అనుకుంటిమి! ఆ సందులోంచి చవుడు నీళ్లు వస్తానే ఉండె గదా!"

అరుగంతా నవ్వింది.

"కడపోళ్లు కాదక్కా, నేనే" అన్నది అమ్మ, గునపం ఆపకుండా.

బండ ఊడింది. ఇంట్లో నిలిచిన నీళ్లన్నీ పాలలాగా వీధి పొడవునా పారాయి. ఎవరూ నవ్వలేదు. ఎదురింటామె ఒక్కసారిగా దిగి వచ్చి, "లేయమ్మా, గోడ చీలతాండాది!" అంటూ అమ్మ రెక్క పట్టి లాగింది.

గోడ కూర్చున్నట్టుగా కూలింది. దూలాలు దిగి, మిద్దె మట్టి కుప్పగా పడింది. దుమ్ము లేవలేదు, అంతా తడి. గోడ పడిన చోటు నుంచి మా ఇల్లు లోపలి దాకా కనిపించింది. దండెం మీద ఆరేసిన నాయన పంచెలు, వాటి అతుకులు, వాటి పక్కన నిలువుగా నాయన.

ఎదురింటివాళ్లు పారలు తెచ్చారు. "ఎవురూ తాకొద్దు" అన్నాడు నాయన. వాళ్లు ఆగిపోయారు.

ఆ గోడ మళ్లీ లేవలేదు. తడిక కట్టుకున్నాం. అమ్మ ఉతికి మడిచి పెట్టిన పంచెలను నాయన ఆ తర్వాత ముట్టలేదు. మాసిన పంచెతోనే ఇంట్లో తిరిగాడు, మాసిన పంచెతోనే పోయాడు. మేము ఎవరి ముందూ చేయి చాచలేదు. ఆ మాట ఇప్పటికీ తలెత్తి చెప్పగలను.

నాయన పోయిన రోజు చాకలాయన పిలవకుండానే వచ్చాడు. శవానికి కట్టడానికి అమ్మ ఇచ్చిన పంచె విప్పి చూసి, "ఇంత తెల్లగా ఎవురు ఉతికినారు తల్లీ?" అన్నాడు.

అమ్మ అతని ముఖంలోకి సూటిగా చూసింది.

"కడపలో ఉతికించినాం" అన్నది.