నిద్ర మేస్త్రి

ఆయన్ని అందరూ నిద్ర మేస్త్రి అంటారు. పనిలో నిద్రపోతాడని కాదు. షెడ్డుకి వచ్చిన కారు ఎంత ఊగుతోందో, ఎక్కడ కుదుపుతోందో తెలుసుకోవాలంటే ఆయన స్టీరింగు ముట్టుకోడు. బావమరిదిని తోలమని, తను పక్క సీట్లో కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకుంటాడు. కొత్తగా వచ్చినవాళ్ళు అది చూసి, పోయిపోయి ఈ కునికిపాట్ల మనిషికా బండి అప్పజెప్పాం అని లోలోపల తిట్టుకుంటారు. కాస్త దూరం పోయాక ఆయన కళ్ళు తెరవకుండానే, "వెనక ఎడమ చక్రం దగ్గర రబ్బరు బుష్ అరిగింది, చూడు" అంటాడు. విప్పి చూస్తే అరిగే ఉంటుంది. ఇక ఆ బండివాళ్ళు ఆయన్ని వదిలిపెట్టరు.

ఎలా తెలుస్తుందయ్యా అంటే చెప్పలేడు. కళ్ళు మూసుకుంటే బండి ఒంట్లోకి వచ్చేస్తుందంటాడు. దాంతో కొంచెం మిడిసిపాటు కూడా ఉంది, లేకపోవడానికి ఆయనేమన్నా సన్యాసా? తను చెప్పింది కాదని ఎవరైనా అంటే మాత్రం కోపం ముక్కు మీదే ఉంటుంది. బావమరిది మీసాలొచ్చిన మనిషే గాని, ఆ కోపానికి జడిసి షెడ్డులో కిమ్మనడు.

మేస్త్రికి ఇంట్లో ఒకటే లోటు. భార్య కారెక్కదు. చిన్నప్పట్నుంచీ ఏ బండెక్కినా ఆవిడకి కడుపులో తిప్పుతుంది. పెళ్ళైన కొత్తలో సంబరపడిపోతూ ఎక్కించుకుని వీధి మలుపు తిరిగాడో లేదో, కొత్త సీటు కవర్లు కాస్తా కడగాల్సి వచ్చింది. అప్పట్నుంచి ఆవిడ ఎక్కడికైనా నడిచే వెళ్తుంది, మరీ దూరమైతే వెళ్ళడం మానేస్తుంది. "ఊళ్ళోవాళ్ళ బండ్లన్నీ ఊగకుండా చేస్తారు. నేను కూర్చోగలిగే బండి ఒక్కటంటే ఒక్కటి చెయ్యలేకపోయారు" అని దెప్పుతుంది. ఆయన నవ్వేస్తాడు గాని, ఆ మాట ముల్లులా లోపలే ఉండిపోయింది.

పళ్ళ డాక్టరమ్మ తన పాతకాలపు స్పోర్ట్స్ కారు తెచ్చిన రోజు షెడ్డులో పనులన్నీ ఆగిపోయాయి. ఆకుపచ్చ రంగు, రెండే రెండు సీట్లు, పైన కప్పు లేదు. అందులో కూర్చుంటే రోడ్డు మీద చాపేసుకుని కూర్చున్నట్టు ఉంటుంది. ఆవిడ తండ్రి తోలిన బండి. ఇంజను వేరేచోట బాగుచేయించుకుని వచ్చింది.

"కొండ రోడ్డు మీద తోలుకోవాలని నా కోరిక మేస్త్రిగారూ. మలుపు వస్తే చాలు, ఒక పక్కకి ఒరిగిపోతోంది. అలాగని చెక్కబల్ల మీద కూర్చున్నట్టు కూడా ఉండకూడదు" అంది.

మేస్త్రికి ప్రాణం లేచొచ్చింది. ఇలాంటి బండి చేతికి దొరకడమే గొప్ప. ఆవిణ్ణి స్టూలు మీద కూర్చోబెట్టి, బండి కిందకి దీపం పట్టి మరీ చూపించాడు. ఎడమ చక్రాన్నీ కుడి చక్రాన్నీ కలుపుతూ అడ్డంగా ఉక్కు కడ్డీ ఒకటి ఉంటుంది, దాన్నే స్వే బార్ అంటారు. మలుపులో ఒక పక్క కుంగితే అది మెలి తిరిగి రెండో పక్కని కూడా తనతో లాక్కుంటుంది, బండిని ఒరగనివ్వదు. సన్నదైతే బండి ఊగుతుంది. మరీ లావుదైతే ఒక చక్రం గుంటలో పడినా రెండూ పడ్డట్టే కుదుపుతుంది, తడి రోడ్డు మీద పట్టు తప్పుతుంది. ఎంత లావు కడ్డీకి ఎంత గట్టి స్ప్రింగు, ఎంత బిగువు షాకబ్జార్బరు అన్నది కూరలో ఉప్పు లాంటిది, చెయ్యి తిరగాలి.

"మీ చెయ్యి తిరిగిందని విన్నాకే వచ్చాను" అంది డాక్టరమ్మ. ఆ పూట మేస్త్రి నేల మీద నడవలేదు.

అయితే ఆ చెయ్యి సంగతి ఎలా ఉన్నా, అప్పటికి కొంతకాలంగా ఆయన ఎడమ చెవిలో ఒకటే హోరు. బండి కింద నుంచి గబుక్కున లేస్తే షెడ్డు గిర్రున తిరిగేది. ఎండ దెబ్బ అనుకున్నాడు, వేళకి తినక అనుకున్నాడు. భార్యకి చెబితే డాక్టరు దగ్గరికి పద అంటుందని చెప్పడం మానేశాడు. మొండితనానికి మందెక్కడిది!

కొత్త స్ప్రింగులు, బిగువు మార్చుకునే షాకబ్జార్బర్లు వేశాడు. ముందు వైపు పాత కడ్డీ తీసి ఒక పిసరు లావుది బిగించాడు. బావమరిది తోలాడు, మేస్త్రి కళ్ళు మూసుకున్నాడు. "ఊగుతోంది" అన్నాడు. ఇంకా లావుది తెప్పించాడు. "ఊగుతోందిరా, నీకు తెలీడం లేదూ?" అన్నాడు. బావమరిది నీళ్ళు నమిలాడు. ఈసారి వెనక వైపు కూడా కడ్డీ వేసి, షాకబ్జార్బర్లు పూర్తిగా బిగించేశాడు. డాక్టరమ్మ తోలి చూసి, "నాకేం ఊగుతున్నట్టు లేదండీ. పైగా నడుం పట్టేస్తోంది" అంది.

"మీకు అలవాటైపోయిందమ్మా, తెలీదు. కొండ రోడ్డు మీద చూద్దాం పదండి" అన్నాడు. పాపం, పట్టుదల తప్ప ఆయన మనసులో ఇంకే దురుద్దేశమూ లేదు.

దారిలో సన్నగా తుంపర పడుతోంది. డాక్టరమ్మ తోలుతోంది, ఆయన పక్కన కళ్ళు మూసుకుని ఉన్నాడు. కొండ మొదట్లోని మలుపులో, ఆవిడ వేగంగా కూడా పోవడం లేదు, బండి వెనక భాగం ఒక్కసారిగా జారింది. గిర్రున తిరిగిపోయి, వచ్చిన దారి వైపు మొహం పెట్టి, రోడ్డు అంచున ఉన్న గడ్డిలో ఆగింది. ఎవరికీ గీత కూడా పడలేదు. ఇంజను ఆగిపోయింది. బానెట్టు మీద చినుకుల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

మేస్త్రి రెండు చేతులతో డాష్‌బోర్డు పట్టుకుని అరుస్తున్నాడు. "బ్రేకు తొక్కమ్మా! ఇంకా తిరుగుతోంది, తొక్కు, తొక్కు!"

డాక్టరమ్మ ఆయన వైపు చూసింది. మెల్లగా ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

"మేస్త్రిగారూ, బండి ఆగిపోయింది. ఎప్పుడో ఆగిపోయింది."

కళ్ళు తెరిచాడు. చెట్టు కదలడం లేదు, రాయి కదలడం లేదు. ఊగుతున్నది తనేనని అప్పుడు తెలిసింది. ఇన్నాళ్ళూ తన చెవిలో ఉన్న జబ్బుకి ఆ బండికి మందు వేస్తూ వచ్చాడు, వేసీ వేసీ ఒక మనిషి ప్రాణం మీదికి తెచ్చాడు.

చెవి డాక్టరు దగ్గరికి పళ్ళ డాక్టరమ్మే తీసుకెళ్ళింది. ఒంటి తూకం చూసే లోపలి చెవి దెబ్బతిందన్నాడాయన. మందులు వాడితే తల తిరగడం చాలావరకు తగ్గుతుంది, పని చేసుకోవచ్చు. పాత సున్నితత్వం మాత్రం తిరిగి రాదు. కళ్ళు మూసుకుని బండిలో కూర్చోవడం ఇక కుదరదు.

ఇంటికొచ్చి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. సాయంత్రం బావమరిది వచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"నాకు ముందే అనుమానం వచ్చింది బావా. మొదటిసారి కడ్డీ మార్చినప్పుడే బండి సరిపోయింది."

మేస్త్రి దిగ్గున లేచాడు. "మరి నోరు తెరిచి ఏడవొచ్చుగా?"

"చెబితే వింటావా నువ్వు? ఇన్నేళ్ళలో ఎప్పుడైనా విన్నావా?"

కుండబద్దలు కొట్టినట్టు అడిగేసరికి ఆయన మళ్ళీ కూలబడ్డాడు. "ఆ బండి ఇంకో షెడ్డుకి ఇచ్చెయ్యమందాం. బండి ఒంట్లోకి రానివాణ్ణి, దాని జోలికి ఎందుకు పోవాలి?" అన్నాడు. ఆయన కంట నీళ్ళు బావమరిది అదే చూడటం.

భార్య వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఊగడం కనిపెట్టడానికి మనిషి కావాలి, అంతేగా? నేను కూర్చుంటాను."

ఇద్దరూ ఆవిడ మొహంలోకి చూశారు.

"అలా చూస్తారేం? ఈ ప్రపంచంలో బండి ఊగితే నాకు తెలిసినంత బాగా ఇంకెవరికి తెలుస్తుంది? మీకు చెవికి తెలిసేదేమో, నాకు కడుపుకి తెలుస్తుంది" అంది. మర్నాడు చేతిలో ఒక ప్లాస్టిక్ సంచీ మడతపెట్టుకుని షెడ్డుకి వచ్చింది.

మేస్త్రి ముందుగా వెనక కడ్డీ పీకేశాడు. తమ్ముడు తోలాడు, అక్క కూర్చుంది. వీధి చివరి నుంచే వెనక్కి వచ్చేశారు. ఆవిడ మొహం బండి రంగులోకి మారింది. కాసిని నీళ్ళు తాగాక చెప్పింది. "గుంట వచ్చినప్పుడల్లా తలని ఎవరో జుట్టు పట్టుకుని పక్కకి విసిరినట్టుంది."

ఇంకొకప్పుడైతే ఇదేం చెప్పడం అనేవాడే. ఇప్పుడు ఆ మాటనే పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. తలని విసిరేది లావు కడ్డీ. దాన్ని తీసి మొదట వేసినదాన్నే, ఆ పిసరు లావుదాన్నే మళ్ళీ బిగించాడు. ఈసారి ఆవిడ కాస్త దూరం పోగలిగింది. "విసరడం లేదు గాని, గతుకు దిగాక సీటు కిందకి లాగి పట్టుకుంటోంది, వదలడం లేదు" అంది. అది షాకబ్జార్బరు బిగువు. వదులు చేశాడు. "ఇప్పుడు మరీ తూగుతోంది" అంది. కొంచెం బిగించాడు. సంచీ వాడాల్సి వచ్చిన రోజులూ లేకపోలేదు. "మీ విద్య కోసం నా పేగులు బయటికొస్తున్నాయి" అని తిట్టేది. తిట్టి మళ్ళీ వచ్చి కూర్చునేది. ఆ తిట్లు వింటూ, ఆవిడ ఏ మాటకి ఏ నట్టు తిప్పాలో ఆయన నేర్చుకున్నాడు. ఒక మనిషి చెప్పింది చివరిదాకా వినడం ఆయనకి అదే మొదలు.

చివరి పరీక్ష కొండ దాకా వెళ్ళి రావడం. బండి తీసుకెళ్ళడానికి డాక్టరమ్మ కూడా వచ్చింది. అక్కాతమ్ముళ్ళు బయల్దేరారు. మేస్త్రి షెడ్డు ముందు నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు, టీ ఇస్తే చల్లారబెట్టాడు. ఈ బండి కూడా కుదరకపోతే, షెడ్డు తలుపులు వేసేద్దామని మనసులో అనుకున్నాడు.

వాళ్ళు రావడం ఆలస్యమైంది. ఎట్టకేలకు ఆకుపచ్చ బండి మలుపు తిరిగింది. భార్య తల భుజం మీదకి వాలిపోయి ఉంది. స్పృహ తప్పిందనుకున్నాడు. తూలుతూనే పరిగెత్తాడు. నేల ఒకసారి పక్కకి జరిగింది, ఆగి తలుపు పట్టుకున్నాడు.

బావమరిది పెదాల మీద వేలు పెట్టాడు.

"కొండ దిగడం మొదలెట్టగానే పడుకుంది బావా" అన్నాడు గుసగుసగా. "అన్ని మలుపులూ తిరిగాను. లేవలేదు."

ఆవిడ నోరు కొంచెం తెరుచుకుని ఉంది. గాలికి జుట్టంతా మొహం మీద పడింది. ఒళ్ళో సంచీ మడత విప్పకుండా అలాగే ఉంది. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ బండిలో నిద్రపోవడం అదే మొదటిసారి. మేస్త్రికి కళ్ళు మసకబారాయి. చెవి కాదది, తల తిరగడమూ కాదు.

డాక్టరమ్మ తాళాల కోసం చెయ్యి చాచబోయి, చూసి, చెయ్యి వెనక్కి తీసుకుంది. నాకేం తొందర లేదన్నట్టు వెళ్ళి స్టూలు మీద కూర్చుంది.

బండి ఆగిన సంగతి తెలిసిందేమో, భార్య కళ్ళు మూసుకునే అడిగింది. "ఏవండీ, వచ్చేశామా?"

"లేదు" అన్నాడు నిద్ర మేస్త్రి, తలుపు పట్టుకుని నిలబడే. "ఇంకా చాలా దూరం ఉంది. పడుకో."