గుడి గోడకి సిమెంటు మెత్తినోళ్ళు

నా చిన్నప్పుడు మా ఊరి లూథరన్ గుడి గోడ మీద మేకుతో గీతలు గీస్తే మా తాతయ్య నన్ను కొట్టలేదు. కొట్టినా బాగుండేది, ఒక్క పూటతో పోయేది. ఇయ్యాల ఆ సంగతి ఇంత కోపంగా ఎందుకు చెబుతున్నానంటే, నిన్న ఊర్నించి సంఘం పెద్ద ఒకాయన ఫోన్ చేశాడు. ఆ గుడి పడగొట్టి కొత్తది కడతారంట. పాత కుటుంబాలన్నీ ఒప్పుకున్నట్టు కాగితం కావాలంట. "పెద్దమ్మా, ఘాజియాబాద్ నించి నువ్వు రాబళ్ళేదు. కాగితం పంపుతాం, వేలిముద్ర వేసి ఫొటో తీసి పెట్టు చాలు" అన్నాడు. నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది. ఒక్క ముక్క తగ్గించొద్దన్నాను.

మా తాతయ్య తాపీ మేస్త్రి. ఏటా క్రిస్మస్ ముందు గుడి గోడల మంచీచెడ్డా చూసేది ఆయనే. నాకప్పుడు ఎనిమిదేళ్ళుంటాయేమో. బళ్ళో నాలుగక్షరాలు వచ్చాయన్న సంబరంతో (ఆనక బడి మానిపించారు, అవీ పోయాయి), వాకిలి పక్క నున్నటి గోడ మీద నా పేరు చెక్కాను. తాతయ్య చూశాడు. చెయ్యి పట్టుకుని సున్నం తొట్టి కాడికి లాక్కెళ్ళాడు. పాడు చేసినదానివి నువ్వే, బాగుచేసేదానివీ నువ్వే అన్నాడు.

అరచెయ్యంత గోడకి నాకు నాలుగు రోజులు పట్టింది. మాగిన సున్నంలో సన్న ఇసక కలిపి రోట్లో రుబ్బాలి. కరక్కాయలు నానేసిన నీళ్ళు పొయ్యాలి, బెల్లం నీళ్ళు పొయ్యాలి. నేనో బెల్లం ముక్క బుగ్గన పెట్టుకుంటే, "తిను తిను. రేపు గోడ నీ కాడికొచ్చి, నా బెల్లమేదే అని అడుగుద్ది" అన్నాడు. పూశాక గుండ్రాయితో రుద్దాలి, అద్దంలా మెరిసిందాకా. చేతులు బొబ్బలెక్కాయి. మిషను తెల్లదొరల గుడికి నేనెందుకు రుద్దాలని ఏడ్చాను.

అప్పుడొచ్చింది ఆయనకి కోపం. దొర కాగితం మీద బొమ్మ గీశాడంట, అంతే. బండ్ల మీంచి రాళ్ళు దించింది, సున్నం గానుగాడించింది, దూలాలెత్తింది మా వాడోళ్ళు. అదీ పొలంలో కూలి పని దిగాక వచ్చి. ఊళ్ళో ఏ గుమ్మం తొక్కనియ్యని రోజుల్లో, తలెత్తుకుని లోపలికి నడవటానికి వాళ్ళు కట్టుకున్న గుమ్మం అది. "నువ్వు మేకు దింపింది దొర గోడలో కాదే, మీ ముత్తవ్వ రెక్కల్లో" అన్నాడు. నేను మళ్ళీ గుండ్రాయి అందుకున్నాను.

ఆ గుమ్మంలోనే నా పెళ్ళయింది. ఢిల్లీలో గవర్నమెంటు ఆఫీసులో ప్యూనుగా చేసి నా మొగుడు పోతే, ఊరికి తీసుకెళ్ళాం. పెట్టె ఆ గుమ్మంలోంచే బయటికొచ్చింది.

గోడలు ఉబ్బి పెచ్చులూడుతున్నాయి, గుడి పాతబడిపోయిందంటాడు ఆ ఫోనాయన. పాతబడటమేంది నాయనా, మీరు చంపారు. అందం కోసమని సున్నం గోడ మీద సిమెంటు మెత్తారు. సున్నం గోడ తాగిన తేమని మళ్ళీ బయటికి వదులుద్ది. దాని మొహం మీద సిమెంటు మూస్తే లోపలే కుళ్ళుద్ది. చెప్పానా లేదా అప్పుడే? ముసల్దాని మాట ఎవడిక్కావాలి!

మా మనవరాలు ఇదంతా వింటా కూచుని, "నానమ్మా, పురానీ బిల్డింగ్ హై, టూట్‌నే దో నా" అంది, పాతదేగా, కూలిపోనీ అని. పోయిన ఆదివారమే ఢిల్లీలో ఎవరో రాజు గోరీకి టిక్కెట్టు కొని, గోడకానుకుని ఫొటోలు దిగొచ్చిన పిల్ల! ఆ గోరీకి పెచ్చులూడితే పరంజాలు కట్టి మరీ సున్నం పెడుతున్నారు, ఫొటోలో నేనూ చూశాను. రాజు పడుకున్న రాయి పాతదయితే గొప్ప. కూలోళ్ళు కట్టుకున్న గుడి పాతదయితే చెత్త. ఇదెక్కడి న్యాయమే అని అడిగాను.

పొద్దున ఫోనాయనకి నేనే చేశాను. వేలిముద్ర వెయ్యనన్నాను. "అందరూ వేశారు పెద్దమ్మా, నీ ఒక్కదానికోసం ఆగుద్దా?" అన్నాడు. ఆగకపోతే మానె, నా చోటు ఖాళీగానే ఉంచమన్నాను. అందాకా ఒక మూరెడు గోడ మీద సిమెంటు గీకించి పెట్టు, నేనొస్తున్నానని చెప్పాను. మా అబ్బాయి రైలు టిక్కెట్టు తీశాడు. మోకాళ్ళు లేవవు, నిజమే. సున్నం ఎంత మాగాలో నా చేతులకింకా తెలుసు. పడగొడతానన్నవాడు ముందు నా పక్కన కూచుని ఆ మూరెడు గోడ రుద్దాలి. చేతులు బొబ్బలెక్కాక కూడా గునపం ఎత్తాలనిపిస్తే, అప్పుడు మాట్టాడదాం.