ఆయుధపూజ తర్వాత మూగబోయిన నా కంప్యూటర్

మా చిన్నప్పుడు... ఆయుధపూజ అంటే మా ఇంట్లో దేవుళ్ళ కంటే ముందు మిషన్లకు స్నానం. వేంపల్లెలో మాది పిండి మిషన్. ముందు రోజే బెల్టు విప్పి, పిండంతా దులిపి, తుడిచి పెట్టేవాళ్ళం. తెల్లారగానే అమ్మ పసుపు కలిపిన గిన్నెతో కూర్చునేది. అన్నిటికంటే ముందు మిషన్ నోటికి దట్టంగా పసుపు రాసేది. "మనకు తిండి పెట్టేది ఆ నోరే గదా" అనేది.

తర్వాత కాటా, తూకం రాళ్ళు, స్క్రూడ్రైవర్లు... అన్నిటికీ బొట్లు.

నేను పదో తరగతి చదివే ఏడు ఆ వరసలో ఇంకొకటి చేరింది. నా కంప్యూటర్. అవును, నాదే! కొనుక్కొచ్చింది కాదు, బిగించింది. నాయన కడప నుంచి విడివిడిగా తెచ్చిన సామాన్లను, స్కూల్లో కంప్యూటర్ సార్ గీసిచ్చిన బొమ్మ చూసుకుంటూ వారం రోజులు కూర్చుని బిగించాను. డబ్బా అంచు తగిలి చెయ్యి రెండు చోట్ల తెగింది. మొదటిసారి తెర వెలిగి, స్పీకర్లలోంచి ఆ చిన్న సంగీతం వినిపించినప్పుడు ఏడ్చేశాను... ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

పూజకని వైర్లన్నీ పీకి, డబ్బాను పిండి మిషన్ పక్కన పీట మీద పెట్టాం. ఆ రోజు పనిముట్లు ముట్టకూడదు కదా... మర్నాడు మళ్ళీ బల్ల మీదికి చేర్చి, బల్లకూ గోడకూ మధ్య చెయ్యి దూర్చి, తడుముకుంటూ వైర్లు తగిలించాను. అన్నీ వెలిగాయి. సంగీతం మాత్రం రాలేదు.

పండక్కి బద్వేలు నుంచి మా చిన్నాయన వచ్చి ఉన్నాడు. నాయనకు తమ్ముడు. ఆయన కళ్ళు మొదటి నుంచీ దాని మీదే.

"చూస్తివా అన్నా! ఆడపిల్ల బిగిస్తే ఇట్లే ఉంటాది. మా పిల్లోనికియ్యి, బాగు చేయించుకుని నేర్చుకుంటాడు. ఈడ ఉంటే దుమ్ము పట్టి పోతాది."

నాయన మెత్తని మనిషి. తమ్ముడికి కాదని చెప్పడం ఆయనకు రాదు. "ఆదివారం దాకా చూస్తాంలేప్పా. మాట రాకపోతే తీసకపో" అన్నాడు.

అప్పటికి శుక్రవారం... అంటే చేతిలో రెండే రోజులు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?

ఇక మొదలుపెట్టాను. సౌండ్ గుర్తు మీద ఎర్ర గీత ఉందేమోనని చూశాను, లేదు. స్పీకర్ల వైరు తీసి, చూడకుండానే మొన లంగాకు తుడిచి వాక్‌మన్‌కు పెడితే శుభ్రంగా పాడాయి. అంటే స్పీకర్ల తప్పు కాదు. డ్రైవర్ సీడీ రెండుసార్లు ఎక్కించాను. ఉన్నచోటే తడుముతూ డబ్బా పక్క రేకు విప్పి ర్యామ్ కాళ్ళను రబ్బరుతో రుద్దాను... సౌండుకీ దానికీ సంబంధం లేదు, కానీ ఆ రోజుల్లో ఏ జబ్బుకైనా అదే మందు!

శనివారం నాయన ఒక మెకానిక్‌ను పిలిపించాడు. ఆయన పది నిమిషాలు నొక్కి చూసి, "బిగించిందెవురు?" అన్నాడు. నేనే అన్నాను. "అదీ సంగతి! బోర్డు పోయిండాది. మార్చాల్సిందే" అని తేల్చేశాడు. ఆడలేక మద్దెల ఓడు అనడం అంటే ఏమిటో ఆ రోజు కళ్ళారా చూశాను.

ఆదివారం పొద్దున చిన్నాయన గోనెసంచీ, తాడూ తెచ్చి గుమ్మం దగ్గర పెట్టాడు. వాటిని చూడగానే నాకెక్కడ లేని మొండితనం వచ్చింది. బల్లను గోడ నుంచి బరబరా లాగేశాను. మూడు రోజుల్లో డబ్బా వెనక వైపు కళ్ళతో చూడటం అదే మొదటిసారి. బుద్ధి తక్కువ నాది... చేతితో తడిమానే గానీ చూడలేదు.

స్పీకర్ వైరు పీకాను. దాని మొన పచ్చగా ఉంది. వాసన చూశాను. పసుపు!

టార్చి వేసి చూస్తే, స్పీకర్ వైరు గుచ్చే ఆకుపచ్చ బెజ్జం లోపలంతా పసుపు ఎండి గట్టిపడి ఉంది. అమ్మ నా వెనకే నిలబడి ఉంది. మొహం పాలిపోయింది.

"మాట వచ్చేది దాంట్లోంచే అని నువ్వే చెప్తివి గదమే... అందుకే ఆ నోటికి ఇంకొంచెం ఎక్కువ పెట్టినా" అంది మెల్లగా.

నాకు కోపం రాలేదు. తిండి పెట్టే నోటికి పెట్టినట్టే, మాట్లాడే నోటికీ పెట్టింది. నా యంత్రాన్ని ఆ ఇంట్లో నిజమైన యంత్రంగా లెక్కేసింది అమ్మ ఒక్కతే!

కరెంటు తీసేసి, అగరుబత్తి పుల్లకు దూది చుట్టి, గంటసేపు ఓపిగ్గా గీకాను. పొడి పొడిగా రాలింది. వైరు తుడిచి గుచ్చి, స్విచ్ వేశాను.

సంగీతం... పిండి మిషన్ దాకా వినపడింది.

చిన్నాయన లోపలికొచ్చాడు. "ఏమయిండె దానికి? ఎవురు చెడగొట్టినారు?"

అమ్మ తల దించుకుంది. చెప్తే ఆ మాట బద్వేలు దాకా నవ్వులాట అవుతుంది. నేను లేచి నిలబడ్డాను.

"చెడగొట్టిందెవరని అడగొద్దు చిన్నాయనా. బాగు చేసిందెవరని అడుగు."

నాయన ఆ గోనెసంచీ, తాడూ తీసుకుని మిషన్ గదిలోకి వెళ్ళిపోయాడు. వెళ్తూ నవ్వుకోవడం నేను చూశాను.

మరుసటి ఏడు ఆయుధపూజకు అమ్మ పసుపు గిన్నె పట్టుకుని, కంప్యూటర్ ముందు ఆగి, నన్ను పిలిచింది. "యాడ పెట్టల్లో నువ్వే చూపీ మే" అంది. ఆ ఇంట్లో నాకు దక్కిన మొదటి ఉద్యోగం అది.

ఇప్పుడేముంది... చేతిలో ఫోన్‌కు విప్పడానికి ఒక్క స్క్రూ కనపడదు. మొన్న దాని గొంతు పూడుకుపోతే షాపులో కుర్చీలోంచి లేవకుండానే "కొత్తది తీసుకోండి మేడమ్" అన్నారు. నేను తీసుకోలేదు. ఇంటికొచ్చి అగరుబత్తి పుల్లకు దూది చుట్టాను.

మీరూ ఇలా "ఇది ఇంక పనికిరాదు" అన్నదాన్ని పంతం పట్టి బతికించారా? రాయండి... "నీ వల్ల కాదు" అన్నవాళ్ళు మీకేమవుతారో కూడా మర్చిపోకుండా రాయండి.