గుంతలో పెట్టిన కొడుకు: ఒక తప్పు దిద్దుకోవడానికి సూరత్ దాకా

మామూలుగా నేను ఊళ్లు చూడడానికి తిరుగుతాను. ఈసారి మాత్రం చివాట్లు తినడానికి సూరత్ వెళ్లాను. పదకొండేళ్ల కిందట, కరీంనగర్‌లో కాలేజీ పిల్లలకు తెలుగు చెబుతున్న రోజుల్లో, రజాకార్ల కాలంలో పుట్టిన పాటలను ఊరూరా తిరిగి సేకరించి ఒక చిన్న పుస్తకం వేశాను. అందులో సిరిసిల్ల వైపు పల్లెలో మల్లవ్వ అనే ముసలామె చెప్పిన పాట ఒకటుంది. ఆయాసం వల్ల ఆమె పాడలేదు, మాటలు మాత్రం చెప్పింది. చెబుతూ చెబుతూ వెక్కి వెక్కి ఏడ్చింది.

గుంతల వెట్టిన కొడుకా
కుదురుగ ఉండుర కొడుకా
పైన నేనున్న కొడుకా
పలుకకు ఉలుకకు కొడుకా
నేసినదంత నేత కాదుర
నీ ఊపిరి నాకు పోగుర

దీని కింద నేను వివరణ రాశాను. దాడిలో చనిపోయిన కొడుకును గుంతలో పూడ్చిపెట్టిన తల్లి శోకం ఇది అన్నాను. పైన అంటే మట్టి పైన అన్నాను. దుఃఖంతో చేతులాడక నేత పాడైపోయిందన్నాను. ఆ నాలుగు ముక్కలు రాసి ఎంతగా భుజాలు చరుచుకున్నానో ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తోంది. పుస్తకం రెండో ముద్రణకు వచ్చి, ప్రూఫులు బల్ల మీద ఉండగా, పోయిన నెల సూరత్ నుంచి వంశీ అనే అబ్బాయి ఫోన్ చేశాడు. ఆ ఊరి పక్కనే ఉన్న సచిన్ అనే పారిశ్రామికవాడలో మరమగ్గాల కార్ఖానాలో పనిచేస్తాడట.

"మేడం, మీ బుక్కుతోటి మా ఇంట్ల లొల్లి అయితుంది" అన్నాడు. సంగతేమిటంటే, అతనికి కూతురు పుట్టింది. బిడ్డను మొదటిసారి తొట్టెలలో, అంటే ఉయ్యాలలో, వేసేముందు ఇంట్లో అందరికంటే పెద్ద ఆడమనిషి ఈ పాట పాడడం వాళ్ల ఇంటి ఆనవాయితీ. వంశీ మామగారు సుధాకర్, సిరిసిల్ల దగ్గర బడిపంతులు. ఆయన దగ్గర నా పుస్తకం ఉంది. అది శవాన్ని పూడ్చేటప్పటి పాట, తన మనుమరాలి మీద పాడడానికి వీల్లేదని ఆయన ఖరాఖండిగా చెప్పేశాడు. దాంతో వంశీ నాయనమ్మ నర్సవ్వ అలిగి నాలుగు రోజులుగా ఎవరితోనూ మాట్లాడడం లేదు.

నేను ఊరుకోవచ్చు కదా. "మీ మామగారు చెప్పింది నిజమే నాయనా, అది శోకగీతమే. చెప్పినామె నా కళ్ల ముందే ఏడ్చింది" అన్నాను. అటువైపు ఫోన్ చేతులు మారిన చప్పుడైంది. "గా గుంతల వెట్టిన కొడుకు మా నాయిన" అంది ఒక ముసలి గొంతు. "నీ బుక్కుల సచ్చిపోయినోనికి నేనెట్ల పుట్టిన? జర చెప్పు." బిడ్డను తొట్టెలలో వేసేది ఎప్పుడో మాత్రం అడిగి ఫోన్ పెట్టేశాను. మూడు రోజుల తర్వాత టికెట్ తీసుకున్నాను.

సికింద్రాబాద్‌లో మధ్యాహ్నం ఎక్కితే మర్నాడు పొద్దున ఏడున్నర ప్రాంతంలో దిగాను. స్లీపర్‌కు ఆరువందల లోపే అయింది. తెలుగువాళ్లుండే పేటలకు వెళ్లేవాళ్లు సూరత్ పెద్ద స్టేషన్ దాకా పోకుండా, దానికి ముందొచ్చే ఉధ్నాలోనే దిగితే గంట సమయం కలిసొస్తుంది. స్టేషన్ బయట బండి మీద లోచో తిన్నాను. శనగపిండిని మెత్తగా ఆవిరిపట్టి, పైన నూనె, సేవ్, ఉల్లిపాయలు చల్లి ఇస్తారు. యాభై రూపాయలకు కడుపు నిండుతుంది. ఇడ్లీ కోసం వెతుక్కునేవాళ్లు ఒక పూట దీన్ని తిని చూడండి, మళ్లీ వెతుక్కోరు.

అక్కణ్నుంచి వంశీ వాళ్లుండే పేట అయిన ఉన్‌కు షేర్ ఆటోలో ముప్పై రూపాయలు. నాకు రెండు సంచులున్నాయి కాబట్టి ఆటో మొత్తం నూట యాభైకి మాట్లాడుకున్నాను. పాండేసరా, భెస్తాన్ మీదుగా నవసారి వెళ్లే పెద్ద రోడ్డు అది. డ్యూటీలకు పోయే బైకుల మధ్యన అరగంటకు పైగా పట్టింది. ఇంటి గుర్తులు చెప్పగానే డ్రైవర్ వెనక్కి తిరిగి "తెలుగు లోగోం కా ఫంక్షన్ హై క్యా?" అని అడిగాడు. అవునన్నాను. "ఖానా బఢియా హోతా హై" అని వాళ్ల భోజనాల రుచి తలచుకుని లొట్టలేశాడు. నేను భోజనానికి కాదు, తప్పు చేసి వెళుతున్నానని నా బడి హిందీలో చెప్పబోయి, మాట కుదరక ఊరుకున్నాను.

మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. ఒక గదిలో ఇనుప కొక్కేనికి చీరతో కట్టిన తొట్టెల, దానికి చేమంతి దండలు. గది నిండా మనుషులున్నా పండగ కళ లేదు. వంశీ నీళ్లిచ్చి, "పదకొండు గంటలకు ముహూర్తం మేడం. మామ వద్దంటుండు, నాయినమ్మ పాడందే పిల్లను ముట్టనంటుంది. సౌమ్య పొద్దుగాల సంది ఏడుస్తుంది" అని చెవిలో చెప్పాడు. సౌమ్య అతని భార్య. లోపలి గదిలో బిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

సుధాకర్ గారు లేచి నిలబడి దండం పెట్టారు. చేతిలో నా పుస్తకం, అట్ట కూడా వేసుకున్నారు. "మీ బుక్కు మా బడిల పిల్లలకు చదివి వినిపిస్త మేడం" అన్నారు.  ఆ పుస్తకం వైపే చూపించి, నేను రాసింది తప్పయి ఉండొచ్చు అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "మీరు పెద్దమనసుతోటి అంటుండ్రు. అచ్చయినంక అబద్ధమెట్లయితది? ఆ ముసలామె ఊకనే ఏడుస్తదా?" అన్నారు. నా పుస్తకం తరఫున నాతోనే వాదిస్తున్న మనిషికి ఏం చెప్పాలి? పైగా ఆయన అడిగింది నాలోనూ ఉన్న ప్రశ్నే.

మూలన ఎత్తుపీట మీద కూర్చున్న నర్సవ్వ అప్పుడు నోరు విప్పింది. డెబ్బై దాటిన మనిషి, బక్కపలచన, కళ్లు మాత్రం చురుగ్గా ఉన్నాయి.

"నువ్వేనా బుక్కు రాసినామె?"

"నేనేనమ్మా."

"మగ్గం గుంత ఎర్కేనా నీకు?"

చూశానని చెప్పాను. చేనేత మగ్గం కింద తవ్విన గుంతలోకి కాళ్లు జారవిడిచి కూర్చుని, అడుగునున్న చెక్కలను కాళ్లతో తొక్కుతూ నేస్తారని తెలుసు. ఆ మాట నా నోటితో నేను అంటుండగానే నా తప్పు నాకు సగం అర్థమైంది. గుంత అనగానే నాకు గోరీ తోచింది. నేసేవాళ్లకు మొదట తోచేది మగ్గం.

"తెల్వదు నీకు. ఇట్ల రా, నా కాళ్లకాడ కూసో" అంది.

యాభై ఎనిమిదేళ్ల వయసులో, పట్టుచీరతో, అంతమంది ముందు, ఆమె పీట కింద నేల మీద ముడుచుకుని కూర్చున్నాను. నర్సవ్వ రెండు పాదాలూ తెచ్చి నా భుజాల మీద ఆనించింది. "రజాకార్లొస్తున్నరని ఊల్లె మొగోళ్లంత పారిపోయిండ్రు. మా నాయినకు జరమొచ్చి ఉరుకలేకపాయె. ఆల్లు వాకిట్లకు వచ్చేసరికి మా నాయినమ్మ ఆయిన్ని మగ్గం గుంతల కూసోవెట్టి, మీదికెల్లి తాను కూసున్నది. గిట్ల కాళ్లు వెట్టి." ఆమె గాలిలోనే, అడ్డపోగును అటూ ఇటూ తీసుకుపోయే నాడె తాడు లాగుతున్నట్టు చెయ్యి ఆడించింది. "నా బరువు పడ్తుందా నీ మీద?"

"లేదమ్మా."

"పడనియ్యలే గద. బరువేస్తే కొడుకు మూలుగుతడు. బరువెయ్యకుంటే చెక్క తొక్కుడు వడదు. చెక్క తొక్కకుంటే పోగులు ఇడిపోవు. ఇంక నాడె యాడికెల్లి పోతది? పోగుల మీదికెల్లే ఉరికింది. చప్పుడైతే అయింది గని, జానెడు బట్ట నెయ్యలే."

నేసినదంత నేత కాదుర. నేను దుఃఖంతో చేతులాడలేదని రాసిన పంక్తి అది. చేతులు బ్రహ్మాండంగా ఆడాయి. వెతకడానికి వచ్చినవాళ్లలో నేత తెలిసినవాడు ఒక్కడున్నా ఆ చప్పుడు వినగానే పట్టేసేవాడు. గదిలో ఉన్న మగవాళ్లంతా మరమగ్గాల మీద బతికేవాళ్లే. పోగులు పైకీ కిందికీ విడిపోకపోతే నాడె వాటి మధ్య నుంచి పోదని, బట్ట పడదని వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. కాళ్లు మొద్దుబారుతున్నా నేను లేవలేదు. నిజం చెప్పాలంటే, ఆ పాదాల కింద చాలా భద్రంగా అనిపించింది.

"మరి మల్లవ్వ ఎందుకేడ్చిందమ్మా?" అని కింది నుంచే అడిగాను.

నర్సవ్వ తాడు లాగుతున్న చెయ్యి దించింది. "మల్లవ్వ మా ఎనుక ఇంటామె. గా దినమే ఆమె అన్న దొరికిండు. ఆల్ల ఇంట్ల మగ్గం లేకుండె" అంది.

సుధాకర్ గారు పుస్తకం మూసేశారు. కళ్లజోడు తీసి తుడుచుకుని, ఎవరితోనో కాక తనతోనే అన్నట్టుగా, "మా నాయిన మగ్గం గుంతల నేను గూడ దాక్కునేటోన్ని. చిన్నప్పుడు, బడికి పోబుద్ధిగానప్పుడు. మా అమ్మ గట్లనే కాళ్లు వెట్టి నేస్తున్నట్టు జేసేది. ఎట్ల మర్శిపోయిన నేను?" అన్నారు. తర్వాత నర్సవ్వ దగ్గరికి వచ్చి, "పెద్దమ్మా, తప్పయింది. నువ్వే పాడు" అన్నారు. "నీ తప్పేముంది సారూ, సదువుకున్నోల్లు రాస్తె నమ్మినవ్" అని ఆమె నా భుజాన్ని కాలితో మెల్లగా తట్టింది. అందరూ నవ్వారు. చివాట్లు ఇంత తేలిగ్గా తేలిపోతాయని నేననుకోలేదు.

పదకొండు దాటి పది నిమిషాలకు తంతు మొదలైంది. సూరత్‌లో మూడో అంతస్తులో గుంత ఎక్కడ తవ్వుతారు? అందుకని తొట్టెల కింద పీట వేసి నర్సవ్వ కూర్చుంది. ఆమె పాదాల మధ్య మడతపెట్టిన పాత చీర పరిచి సౌమ్య బిడ్డను తెచ్చి పడుకోబెట్టింది. నర్సవ్వ కాళ్లు బిడ్డకు తగలకుండా అటూ ఇటూ ఆనించి, లేని నాడె తాడు లాగుతూ పాట ఎత్తుకుంది. కొడుకా అన్నచోటల్లా బిడ్డా అంది. ప్రతి పంక్తి చివరా జోజో అంది. మల్లవ్వ ఆ జోజోలు నాకు చెప్పలేదు. అన్నను పోగొట్టుకున్న మనిషి నోటికి అవి రాలేదేమో, నాకు తెలియదు. పలుకకు ఉలుకకు అన్న మాట ఏడుపు మానమని పసిపిల్లకు చెప్పేది కూడా అవుతుందని ఆ రాగంలో విన్నాక గాని నాకు తట్టలేదు. పాట అయిపోయేసరికి బిడ్డ నిజంగానే నిద్రపోయింది. అలాగే ఎత్తి తొట్టెలలో వేశారు. నాకు కళ్లనీళ్లు ఆగలేదు, ఆపుకోవాలని కూడా అనిపించలేదు.

భోజనాల గురించి ఆటో డ్రైవర్ చెప్పింది అక్షరాలా నిజం. బగారన్నం, మటన్ కూర, పచ్చిపులుసు, పక్కనే గుజరాతీ శ్రీఖండ్. వంట చేసిన రాజేశ్వరి అక్కను పచ్చిపులుసులో ఈ తీపేమిటని అడిగితే, "ముప్పై ఏండ్లాయె ఈడికొచ్చి. చెయ్యి సూరత్‌దయింది, నాలుకె మాత్రం సిరిసిల్లదే" అని ఇంకో గరిటె పోసింది.

సాయంత్రం రైలుకు ముందు రెండు గంటలు మిగిలితే వంశీ బైకు మీద తాపీ నది ఒడ్డున ఉన్న పాత కోటకు తీసుకెళ్లాడు. ఉన్ నుంచి ట్రాఫిక్‌లో ముప్పావు గంట. పోర్చుగీసుల దాడులకు భయపడి కట్టిన కోట, చక్కగా బాగుచేసి పెట్టారు. ఎవరు ఎప్పుడు దండెత్తారో, ఎవరు గెలిచారో పలకల మీద రాసి ఉంది. వంశీ అన్నీ శ్రద్ధగా చదివి, "గీ లడాయిలల్ల జనం యాడ దాక్కున్నరో ఏడ రాయలేదు మేడం" అన్నాడు. వెతికాను, నిజమే, లేదు.

బయల్దేరేముందు, ఇంకా ఉన్‌లో ఉండగానే, సుధాకర్ గారు తన పుస్తకంలో ఆ పేజీ తెరిచి పెన్ను నా చేతికిచ్చారు. పాత వివరణ అంతా కొట్టేశాను. "ఇది తొట్టెల పాట. తల్లి కొడుకును మగ్గం గుంతలో దాచి కాపాడుకుంది" అని రాసి నర్సవ్వకు చదివి వినిపించాను. ఆమె తృప్తిపడలేదు. "మా నాయిన పేరు రాయి. ఎల్లయ్య. ఐదుగురు పిల్లలని గూడ రాయి" అంది. రాశాను. రెండో ముద్రణలోనూ అదే ఉంటుంది, ఒక్క అక్షరం మారదు.

ఇంటికొచ్చాక చాలా ఆలోచించాను. పోరాట కాలపు పాట అనగానే నాలాంటివాళ్లు ఏడుపు కోసమే చెవి ఒగ్గుతారు. యుద్ధం నుంచి వచ్చే సాహిత్యమంతా చావు కబురే అయి ఉంటుందని ముందే అనుకుని కలం తీస్తాం. చచ్చిపోయినవాళ్ల లెక్క చరిత్రలో ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. బతికించినవాళ్లు ఏం చేశారో మాత్రం ఇలా ఎక్కడో అద్దె ఇంట్లో, పీట కింద, పసిపిల్ల చుట్టూ మిగిలి ఉంటుంది. నేను అచ్చేసిన ఒక్క వాక్యం దాన్ని కూడా ఆపేయబోయింది. మల్లవ్వ కన్నీళ్లు అబద్ధం కాదు, నర్సవ్వ జోల అబద్ధం కాదు. మధ్యలో తొందరపడింది నేను.

అందుకని పాటల కోసం, పాత కథల కోసం ప్రయాణమయ్యేవాళ్లకు ఒక్క సలహా. పాట విన్నాక అర్థం అడగకండి, దాన్ని ఎప్పుడు పాడతారో అడగండి. నేను ఆ ఒక్క ప్రశ్న అడగకపోవడం వల్ల, ఐదుగురు పిల్లల తండ్రి నా పుస్తకంలో పదకొండేళ్లు చచ్చిపడి ఉన్నాడు.