కడిగిన గాజు గొట్టాలు

కొవిడ్ తగ్గిన మరుసటి ఏడు వానాకాలం మొదట్లో, ప్రొద్దుటూరులో నేను పనిచేస్తున్న ఆసుపత్రికి ఒక పరిశోధన నిధి మంజూరైంది. అప్పటికి నేను జనరల్ మెడిసిన్ విభాగానికి అధిపతిని, పదవీ విరమణకు రెండేళ్ళుంది. వైద్య పరిశోధన నగరాలకే పరిమితమవుతోందని, మా వంటి ప్రాంతాల డాక్టర్లకూ నర్సులకూ ఆ పని నేర్పాలని ఆ నిధి ఉద్దేశం. మాకిచ్చిన విషయం పాముకాటు. ప్రొద్దుటూరు ప్రధాన కేంద్రం, జమ్మలమడుగు, పులివెందుల ఉపకేంద్రాలు. మూడింటికీ బాధ్యుణ్ణి నేనే. ఫ్రీజరు, కంప్యూటరు, పరీక్షకు గాజు గొట్టాల పెట్టెలు వచ్చాయి. షంషాద్ అనే రీసెర్చి నర్సుకు జీతం కూడా ఆ నిధి నుంచే వచ్చేది.

రక్తపింజరి కరిస్తే రక్తానికి గడ్డకట్టే గుణం పోతుంది. అది తెలుసుకోవడానికి యంత్రం అక్కర్లేదు. గాజు గొట్టంలో కాస్త రక్తం పోసి, ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచి, ఒకసారి వంచి చూడాలి. గడ్డ కడితే భయం లేదు. నీళ్ళలా జారితే విషం ఎక్కినట్టు, విరుగుడు మొదలుపెట్టాలి. అయితే ఆ విరుగుడు గుర్రం రక్తం నుంచి తయారయ్యేది. కొందరి ఒంటికి అది పడదు. దద్దుర్లు లేస్తాయి, ఊపిరి అందదు, బీపీ పడిపోతుంది. అందుకే అక్కర లేనివారికి ఎక్కించకూడదు.

నిధి ఇచ్చినవారు మొదటిసారి చూడటానికి వస్తున్నారని తెలిసినప్పుడు, కొత్త గొట్టాల మీద అట్టపెట్టెల దుమ్ము కనిపించింది. పెట్టెల్లోంచి తీసినవన్నీ సబ్బుపొడితో కడిగి ఎండలో ఆరబెట్టమని షంషాద్‌కు చెప్పాను. "పెండ్లింట్లో గ్లాసుల మాదిరి మెరవాల్నా సార్?" అని నవ్వుతూ అడిగింది. అంతే మెరవాలన్నాను. వచ్చినవారు మెచ్చుకుని వెళ్ళారు. కడిగిన గొట్టాలనే మిగతా రెండు కేంద్రాలకూ పంపించాను.

ఆ తర్వాతి వారాల్లో విషం ఎక్కినవారి సంఖ్య పెరిగింది. వానలకు పాములు బయటికొస్తున్నాయనుకున్నాను. నిజం చెప్పాలంటే సంతోషించాను కూడా, అధ్యయనానికి అలాంటి రోగులే కావాలి కనుక. ముద్దనూరు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన విరుగుడు ఎక్కుతుండగానే పోయాడు. పాముకాటు మరణం అని రాసి సంతకం పెట్టాను.

ఆ తర్వాత ఒక ఉదయం లక్ష్మక్కను తెచ్చారు. జమ్మలమడుగు దగ్గర గొర్రెలు, మేకలు కాచుకునే కుటుంబం. మేకలకు కొమ్మ విరుస్తుంటే కాలిమీద ఏదో కరిచింది. ఏ పామో చూడలేదు. ఆమె మాత్రం ధైర్యంగానే ఉంది. మొగుడు ఓబులేసు పక్కనే నిలబడి, "నన్ను అరిసినట్ల దాన్నొక అరుపు అరిసింటే పారిపోయిండేది సార్" అన్నాడు. "నిన్ను అరిసీ అరిసీ గొంతు పోయిందిలేప్పా" అందామె. వార్డులో అందరూ నవ్వారు.

గొట్టం వంచితే రక్తం జారింది. విరుగుడు పెట్టాము. కాసేపటికి ఒంటిమీద దద్దుర్లు లేచాయి, మందిచ్చి సర్దుబాటు చేశాము. ఆరు గంటల తర్వాత మళ్ళీ పరీక్షించాలి. పరీక్షించాము. మళ్ళీ జారింది. పద్ధతి ప్రకారం రెండో విడత మొదలుపెట్టాను.

సీసా సగం కాకముందే ఆమె పెదవులు వాచాయి, మాట ఆగిపోయింది, నాడి చేతికి అందలేదు. మందు ఆపించి అడ్రినలిన్ ఇచ్చాను. బీపీ మెల్లగా లేచింది. లేచాక పద్ధతి ప్రకారం విరుగుడు మళ్ళీ మొదలుపెట్టాలి. పెట్టకపోతే ఏ క్షణాన్నైనా లోపల రక్తస్రావం కావచ్చు. పెడితే ఈసారి నాడి తిరిగి రాకపోవచ్చు.

ఓబులేసు తలుపు దగ్గర నిలబడ్డాడు. పొద్దుటి నవ్వు లేదు. "ఇంగా ఎన్ని బుడ్లు ఎక్కిస్తావు సామీ? పాము కంటే మీ మందే శానా గట్టిగా పట్టుకుండాదే దాన్ని" అన్నాడు.

నేను లక్ష్మక్క చేతివైపు చూశాను. రెండోసారి రక్తం తీసిన చోట దూది పొడిగా ఉంది. రక్తం గడ్డకట్టని మనిషికి ఆ దూది తడిసి ఉండాలి. చిగుళ్ళు చూశాను, కరిచిన చోటు చూశాను. ఎక్కడా రక్తం లేదు. చొక్కా చెయ్యి మడిచి, నా రక్తం తియ్యమన్నాను. షంషాద్ లక్ష్మక్కకు వాడిన పెట్టెలోని గొట్టంలోనే పోసింది.

ఆ ఇరవై నిమిషాలూ ఒక చెయ్యి లక్ష్మక్క నాడి మీద ఉంచి, ఆ గొట్టాన్నే చూస్తూ కూర్చున్నాను. తర్వాత వంచాను. నా రక్తం నీళ్ళలా జారింది.

ఒక్క క్షణం నాకే ఏదో జబ్బు వచ్చిందనుకున్నాను. ఆ తర్వాత సబ్బుపొడి గుర్తొచ్చింది. గొట్టంలో రక్తం గడ్డకట్టడానికి గాజు గోడ ప్రేరణ కావాలి. సబ్బు ఆ గుణాన్ని చంపేస్తుంది. కొత్త గొట్టాన్ని కడగకుండానే వాడాలని నిధివారి పద్ధతి పుస్తకంలో ఉంది. ముప్పై ఏళ్ళుగా చేస్తున్న పరీక్షే కదా అని నేను ఆ పేజీ చదవలేదు.

విప్పని పెట్టె ఒకటి అల్మరాలో మిగిలి ఉంది. దాంట్లోని గొట్టాల్లో నా రక్తం, లక్ష్మక్క రక్తం పక్కపక్కన పోసి చూశాము. రెండూ గడ్డ కట్టాయి. ఆమెకు విషం ఎక్కిన గుర్తే లేదు, ఇక విరుగుడు అక్కర్లేదు. వెంటనే రెండు ఉపకేంద్రాలకూ ఫోన్ చేశాను. పులివెందులలో ఒక యువకుడికి రెండో విడత ఎక్కుతోంది. ఆపించాను.

ఆ సాయంత్రం ఓబులేసుకు నిజం చెప్పలేదు. ఆమె ఒంటికి మందు పడలేదని మాత్రం చెప్పాను. నిధి పోతుందని, పేరు పోతుందని, పెద్దాయన బంధువులు వస్తారని భయం. మర్నాడు ఆమె లేచి కూర్చుని జొన్నరొట్టె అడిగాక, ధైర్యం చేసి ఇద్దరికీ జరిగింది జరిగినట్టు చెప్పాను. కొడతాడనుకున్నాను. ఓబులేసు కొట్టలేదు, అడిగాడు.

"మరి దీనికంటే ముందు వచ్చినోళ్ళకు చెప్పినావా సార్?"

చెప్పలేదన్నాను.

"మాకెందుకు చెప్తాండావు, పోయి ఆళ్ళకు చెప్పు."

నిధివారికి రాశాను. ఆ వారాల వివరాలన్నీ కొట్టేయించి, శిక్షణ మొదటినుంచి చేయమన్నారు. ఆ గొట్టాలతో పరీక్షించిన ప్రతి ఇంటికీ నేనూ షంషాద్ వెళ్ళాము. తిట్టినవారున్నారు, మజ్జిగ ఇచ్చినవారున్నారు. ముద్దనూరు వైపు ఇంట్లో పెద్దాయన కొడుకు ఒకటే అడిగాడు: "అయితే మా నాయిన పాముతో పోయినాడా, మీ మందుతోనా?" తెలియదన్నాను. తెలుసుకునే దారి కూడా లేదన్నాను. ఆ రోజు పరీక్షించిన గొట్టం కడిగినదే.

విరమణ దాకా మా మూడు కేంద్రాల్లోనూ రోగి గొట్టం పక్కన పరీక్ష చేసేవారి రక్తంతో ఇంకో గొట్టం ఉండేది. ముందు దాన్ని వంచేవాళ్ళం. అది గడ్డ కట్టకపోతే రోగి గొట్టాన్ని చూసేవాళ్ళం కాదు. ఏ పరికరాన్నైనా మరొకరి ప్రాణం మీద నమ్మే ముందు నా మీద ప్రయోగించి చూడాలని నేను నేర్చుకున్నది అలా.